చేబదులుకు గడి లేదు

నెల కిందట ఒక శనివారం మధ్యాహ్నం భోజనం చేసి, పెరుగన్నం బరువుకి కళ్ళు మూతలు పడుతూండగా సోఫాలో అలా ఒరిగానో లేదో, ఫోన్ టింగుమంది. మా అల్లుడు పంపిన కాగితం. కాగితమంటే నిజంగా కాగితం కాదు లెండి, ఈ రోజుల్లో కాగితాలెక్కడివి, తెర మీద కనిపించే బొమ్మ. అడుగున పసుపుపచ్చ గడి ఒకటి పెడతారు, అక్కడ వేలితో గీకితే సంతకం పెట్టినట్టేనట. కళ్ళజోడు వెతుక్కుని చదివాను. పైన పెద్దక్షరాలతో గిఫ్ట్ లెటర్ అని ఉంది. ఫలానా నేను, ఫలానా వారికి మామగారిని, ఆయన ఇల్లు కొనుక్కోవడానికి ఇంత సొమ్ము బహుమతిగా ఇస్తున్నాను, దీన్ని తిరిగి చెల్లించాలన్న ఒప్పందం గానీ ఆశ గానీ ఏ రూపంలోనూ లేవు, అని. ఆ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నిద్ర ఎటు పోయిందో పోయింది.

ఎందుకంటే ఆ వాక్యం నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళ కిందట, అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం కింద మరొక మనిషి చేత సంతకం పెట్టించినవాణ్ణి నేను. ఆ సంగతి మొన్న మొన్నటిదాకా మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు రాస్తున్నానంటే, నా ఈడువాళ్ళ కోసం, ఈ దేశానికి రెండు సూట్‌కేసులూ ఒక ప్రెషర్ కుక్కరూ పట్టుకుని వచ్చి, చూస్తూండగానే రెండేసి ఇళ్ళకు యజమానులైపోయి, ఆ ఇళ్ళ కింద నలిగినవాళ్ళ కోసం రాస్తున్నాను. మీలో కొందరు ఇది చదివి పక్కకు తిరిగి కూర్చుంటారని నాకు తెలుసు.

మేము అప్పట్లో అర్కన్సాస్‌లోని బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఊరంతా కలిపి ఒక పెద్ద స్టోర్ల కంపెనీ, దాని చుట్టూ దాని పని చేసేవాళ్ళు, ఆ పని చేసేవాళ్ళకు పనిచేసేవాళ్ళు. నేను మూడో రకం, అంటే కాంట్రాక్టరుని. కరివేపాకు కావాలంటే టల్సా దాకా రెండు గంటలు కారు నడపాల్సిన కాలం అది. ఎవరైనా వెళుతున్నారంటే అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్ళందరూ చీటీలు ఇచ్చేవాళ్ళు, ఆ వెళ్ళినవాడు ఇడ్లీ రవ్వా ఇంగువా చింతపండూ అందరి పేర్లతో వేరువేరు సంచుల్లో కట్టి తెచ్చి, ఆదివారం సాయంత్రం గుమ్మం గుమ్మానికీ పంచేవాడు. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నామో, ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక్కరూ రాసుకునేవాళ్ళు కాదు, అయినా ఎవరి డబ్బూ పోయేది కాదు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు చల్లగా ఉంటుంది, ఆ తరవాత దానితో నేను చేసిన పని తలుచుకుంటే మాత్రం ఉండదు.

మొదట్లో వారాంతపు విందుల్లో మగవాళ్ళ మాటలన్నీ వీసా గురించే ఉండేవి. గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టయిన లేబర్ అనుమతి ఎవరిది క్లియర్ అయింది, ఆ వరసలో ఎవరి డేట్ కదిలింది, ఇవే. ఎప్పుడు మారిందో చెప్పలేను గానీ, ఒక ఏడాది తిరిగేసరికి ఆ మాటలన్నీ ఇళ్ళ మీదికి మళ్ళాయి. ఊరి చుట్టూ పచ్చిక బయళ్ళలో రోజుకో కొత్త వీధి వేస్తున్నారు, తూర్పు ముఖం ప్లాట్లు ముందే అయిపోతున్నాయి, వాటికి మనవాళ్ళు అదనంగా ఇచ్చి మరీ కొంటున్నారని తెలిసి బిల్డర్లు కూడా దిక్సూచి పట్టుకు తిరుగుతున్నారని నవ్వుకునేవాళ్ళం. అద్దెకు ఉన్నవాణ్ణి చూసి జాలిపడేవాళ్ళు, ఒక ఇల్లున్నవాణ్ణి చూసి తల ఊపేవాళ్ళు, రెండు ఇళ్ళున్నవాడు మాట్లాడుతుంటే చేతిలో ప్లేటు పక్కన పెట్టి వినేవాళ్ళు. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన శని ఆదివారాల్లో ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్ కూడా. పకోడీ తింటూ తింటూనే, ఉన్న ఇల్లు అమ్మడం తెలివితక్కువతనమనీ, దాన్ని అద్దెకిచ్చి ఇంకోటి కొనుక్కుని అందులోకి మారిపోవాలనీ, అలా మూడేళ్ళకొక ఇల్లు దాటుకుంటూ పోతే రిటైరయ్యే నాటికి ఆఫీసు మొహం చూడక్కర్లేదనీ చెప్పేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. తానూ అలాగే కొన్నాడు, అందరికంటే ముందు తానే పోగొట్టుకున్నాడు.

మాకు అప్పటికే చిన్న ఇల్లొకటి ఉండేది, మూడు గదులది, వాయిదా కూడా తేలికే. దాన్ని అద్దెకిచ్చి, కొత్త వీధిలో రెండంతస్తుల ఇల్లు కొనాలని నాకు బుద్ధి పుట్టింది. పుట్టడం ఏమిటి, నిద్రపోనివ్వలేదు. పాత ఇంటి అద్దెతో పాత ఇంటి వాయిదా తీరిపోతుంది, నా జీతంతో కొత్త ఇంటి వాయిదా తీరుతుంది, నా లెక్క ఇంతే, ఒకటో తరగతి లెక్క. కొత్త ఇంటి లోను మూడేళ్ళపాటు ఒకే వడ్డీ, ఆ తరవాత మారుతుంది అన్నారు. మారితే అప్పుడు కొత్త లోనుకి మార్చుకుందాం, ధర ఎలాగూ పెరుగుతుంది కదా అన్నారు. ఆ ‘ఎలాగూ’ అన్న మాట మీదే అందరం ఇళ్ళు కట్టుకున్నామని నాకిప్పుడు అనిపిస్తుంది. ఇంకొక సంగతి ఎవరికీ తట్టలేదు. మా ఇళ్ళల్లో అద్దెకు దిగేవాళ్ళు ఎవరనుకున్నారు? మనవాళ్ళే. మాలాగే అదే కంపెనీ పనికి వచ్చిన కాంట్రాక్టర్లే. మా జీతమూ, మాకు వచ్చే అద్దే ఒకే కుళాయి నుంచి వస్తున్నాయని, అది కట్టేస్తే రెండూ ఒక్క రోజే ఆగిపోతాయని ఇంతమంది ఇంజనీర్లలో ఒక్కడికీ తోచలేదు.

ముందుగా చేతినుంచి కట్టాల్సిన డౌన్ పేమెంటుకి నలభై వేల డాలర్లు తక్కువ పడ్డాయి. అడగడానికి నాకున్నది ఒక్క మనిషి, మా తోడల్లుడు. మా ఆవిడ అక్కగారి భర్త, వర్జీనియాలో హెర్న్‌డన్‌లో ఉండేవారు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. భారీ మనిషి, మాట మాత్రం పక్కవాడికి కూడా వినిపించనంత మెత్తన; హైవే మీద ఎప్పుడూ కుడివైపు లేనులోనే, వెనక ఎంతమంది హారన్ కొట్టినా అదే వేగంతో వెళ్ళేవారు. నేను ఫోన్ చేసి, అడగలేక అడగలేక అడిగితే, ఆయన ఎందుకు, ఎప్పుడిస్తావు అని ఒక్క ప్రశ్న వేయలేదు. అమ్మాయి కాలేజీకని పక్కన పెట్టిన డబ్బు ఉందనీ, అది కాలేజీకి వెళ్ళడానికి ఇంకా ఆరేడేళ్ళుందనీ, చేబదులుగా తీసుకోమనీ అన్నారు. చేబదులు అన్న మాట ఆయనదే. మన వయసువాళ్ళకు దాన్ని వివరించక్కర్లేదు. నోటు ఉండదు, వడ్డీ ఉండదు, సాక్షి ఉండడు. ఇచ్చినవాడు అడగడు, తీసుకున్నవాడు మరిచిపోడు.

బ్యాంకుకి మాత్రం వివరించాల్సి వచ్చింది. నా ఖాతాలో ఒక్కసారిగా నలభై వేలు ఎక్కడినుంచి వచ్చాయని లోన్ ఆఫీసర్ అడిగింది. ఒకటే అడుగుతాను చెప్పమంది, అది అప్పా, బహుమతా? అప్పయితే నీకు ఈ లోను రాదు, బహుమతయితే ఇచ్చినవాళ్ళు ఈ కాగితం మీద సంతకం పెట్టాలి. నేను ఆ కాగితం అన్నయ్యకు ఫ్యాక్స్ చేశాను. ఆయన ఫోన్‌లో అంతా చదివి, చిన్నగా నవ్వి, “మన చేబదులుకి వీళ్ళ ఫారంలో గడి లేదయ్యా” అన్నారు. ఉన్న రెండు గడుల్లో ఏది కొడితే నీ పని అవుతుందో అదే కొడతానన్నారు, కొట్టారు, సంతకం పెట్టి పంపారు. అబద్ధం చెబుతున్నామని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు. మన మాటకు వాళ్ళ దగ్గర మాట లేకపోతే మన తప్పా అనుకున్నాం. కాగితం అడుగున చిన్న అక్షరాలతో, ఇందులో తప్పు చెబితే నేరమని కూడా ఉంది, అది నేను చదివాను, చదివి ఆయనకు చెప్పలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఫోన్ పెట్టేసేముందు నేనింకో మాట అన్నాను. “వదినకి మాత్రం చెప్పకండి అన్నయ్యా, మూడేళ్ళలో ఇచ్చేస్తాను, అక్కగారి ముందు మా ఆవిడ చిన్నబోతుంది.” నిజానికి చిన్నబోయేది మా ఆవిడ కాదు, నేను. మా వదిన ఖర్చులో గట్టి మనిషి, మాకు అంత పెద్ద ఇల్లెందుకని అప్పటికే ఒకసారి అని ఉంది. ఆమె దగ్గర తీసుకున్న డబ్బుతో కొన్న ఇంట్లో ఆమె ముందు తిరగడం నాకు నామోషీ. అన్నయ్య సరేలే అన్నారు. ఆయన సరే అన్నారంటే అంతే, ఇక ఆ మాట ఆయన నోట్లోంచి ఎవరూ తీయలేరు.

గృహప్రవేశానికి వాళ్ళిద్దరూ పిల్లతో వచ్చారు. వదిన మేడ మీది గదులన్నీ తిరిగి చూసి, వంటింట్లో గ్రానైటు గట్టు మీద చెయ్యి వేసి, బాగా కూడబెట్టారు మరిదిగారూ, మేమే వెనకబడ్డామని నిజంగా సంతోషపడి అంది. అన్నయ్య కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది గానీ, పాలు పొంగాయి, ఫొటోలు తీసుకున్నారు, పులిహోర అయిపోయింది, ఆ సంగతి మరుగున పడింది.

మొదటి రెండేళ్ళు ఎలా గడిచాయో తెలియదు. నిజం చెప్పాలంటే తిరిగి ఇవ్వగలిగిన రోజులు కూడా ఉన్నాయి, ఆ రోజుల్లో నేను కొత్త సోఫాలూ పెద్ద టీవీ కొన్నాను. ఆ తరవాత ఒక వేసవిలో మా వీధి చివర ‘ఫర్ సేల్’ బోర్డు ఒకటి కనిపించింది. వారానికి రెండోది. అక్టోబరు వచ్చేసరికి ఆఫీసు నుంచి వస్తూ వాటిని లెక్కపెట్టడం అలవాటైపోయింది, ఎక్కువైనకొద్దీ చూడకుండా ముందుకు చూసి నడపడం అలవాటైంది. కొత్త వీధుల్లో సగం కట్టి వదిలేసిన ఇళ్ళు, గోడల స్థానంలో కట్టిన ప్లాస్టిక్ గుడ్డలు గాలికి టపటపలాడుతూ ఉండేవి. ఒక్కో ప్రాజెక్టు ముగుస్తూ వచ్చింది, ముగిసిన ప్రతిసారీ నాలుగైదు తెలుగు కుటుంబాలు కారు మీద పరుపు కట్టుకుని డల్లాస్ వైపో న్యూజెర్సీ వైపో వెళ్ళిపోయేవి. మా పాత ఇంట్లో ఉన్న కుర్ర దంపతులు కూడా, అంకుల్ సారీ అంకుల్ అంటూ తాళాలు చేతిలో పెట్టి వెళ్ళారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఖాళీ ఇంటికి వాయిదా కట్టడం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఎవరూ లేని ఇంటికి ప్రతి శనివారం వెళ్ళి గడ్డి కోసేవాణ్ణి. లోపలికి వెళ్ళాలంటే భయం వేసేది, నా అడుగుల చప్పుడు నాకే వినిపించేది. అలా ఐదు నెలలు గడిచాక కొత్త ఇంటి లోను ఇచ్చినవాళ్ళ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది, మూడేళ్ళు పూర్తయ్యాయి, వచ్చే నెల నుంచి మీ వాయిదా ఇంత అని. ఆ అంకె చూసి నేను రెండుసార్లు చదివాను, మా ఆవిడ ఒకేసారి చదివి పొయ్యి కట్టేసి కూర్చుంది. లోను మార్చుకుందామని వెళితే, మీ ఇంటి ధర ఇప్పుడు మీరు బాకీ ఉన్నదానికంటే తక్కువ, ఎవరూ ఇవ్వరన్నారు. అదే నెలలో నా కాంట్రాక్టు గంటలు సగం చేశారు.

అన్నయ్య నెలకొకసారి ఫోన్ చేసేవారు. ఒక్కసారి కూడా డబ్బు మాట ఎత్తలేదు. పిల్లలెలా ఉన్నారు, చలి మొదలైందా అని అడిగి, చివర్లో, పెట్టేయబోతూ, “పాత ఇంట్లోకి టెనెంట్ వచ్చాడా?” అనేవారు. అంతే. ఆయన అడగడం అదే. అమ్మాయి హైస్కూల్లోకి వచ్చేసింది, ఆయన ఉద్యోగం కూడా ఊగిసలాటలో ఉంది, అయినా అంతకంటే గట్టిగా అడగడం ఆయనకు చేతకాదు. నేను, వస్తాడు అన్నయ్యా, వచ్చే నెల తప్పకుండా అనేవాణ్ణి. ఎనిమిది నెలలు అదే ప్రశ్న, అదే జవాబు. రానురాను ఆయన నంబరు తెర మీద కనిపిస్తే మోగనిచ్చి మోగనిచ్చి ఎత్తేవాణ్ణి, రెండుసార్లు ఎత్తలేదు కూడా. ఆ రెండోసారే ఆఖరిసారి. ఆ వారంలోనే ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగుతూ కూలబడిపోయారని వదిన ఫోన్ చేసింది. ఆస్పత్రికి చేరేలోపే పోయారు.

టికెట్లకు డబ్బుల్లేక కార్లోనే హెర్న్‌డన్ వెళ్ళాం. పదకొండో రోజు అయిన మర్నాడు పొద్దున భోజనాల బల్ల మీద అన్నయ్య దాచిన కాగితాలన్నీ పరిచి ముగ్గురం కూర్చున్నాం. వదిన, అన్నయ్య స్నేహితుడైన ఒక అకౌంటెంటు, నేను. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఇన్సూరెన్సు నామమాత్రం, ఇంటి మీద అప్పు, బ్యాంకులో మూడు నెలలకు సరిపడా డబ్బు. పిల్ల కాలేజీ ఖాతా తెరిచి చూస్తే అందులో దాదాపు ఏమీ లేదు. ఆ స్టేట్‌మెంటు వెనకే పిన్ను కొట్టి ఉంది ఆ కాగితం, ఆయన అన్నీ అంత పద్ధతిగా దాచేవారు. అకౌంటెంటు చదివి వదినకు ఇచ్చాడు. వదిన చదివి నా వైపు చూసింది.

“ఇది మీకే ఇచ్చారటగా మరిదిగారూ. గిఫ్ట్ అని రాశారు. నిజమేనా?”

వంటింట్లో మా ఆవిడ కుళాయి కట్టేసిన చప్పుడు నాకు వినిపించింది. అప్పటికి మా గ్రీన్‌కార్డు ఫైలు ఆఖరి మెట్టు మీద ఉంది. అప్పే అంటే, బ్యాంకుకు అబద్ధం చెప్పానని బయటివాడి ముందు ఒప్పుకున్నట్టు, అది ఎటు పోయి ఎటు తేలుతుందో అన్న భయం ఒకటి. అప్పే అంటే వెంటనే ఇవ్వాలి, ఇవ్వడానికి నా దగ్గర నాలుగు వందలు కూడా లేవన్నది ఇంకొకటి. ఇవన్నీ ఇప్పుడు తీరిగ్గా చెబుతున్న సాకులు. అప్పుడు నోటికి వచ్చింది రెండే మాటలు. “అవును వదినా” అన్నాను. వదిన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, “నాకు చెప్పనే లేదు” అంది. ఎవరితో అందో తెలియదు, ఎవరివైపూ చూడలేదు. ఆ తరవాత వేరే కాగితం తీసింది.

తిరుగు ప్రయాణంలో టెనెసీ రాష్ట్రం ఆ చివరి నుంచి ఈ చివరిదాకా దాటినా మా ఆవిడ నోరు విప్పలేదు. అర్కన్సాస్ బోర్డు కనిపించాక అంది, మా అక్కకి మీరే చెప్పాలి, అబద్ధం మీ నోటితో చెప్పారు కాబట్టి నిజం కూడా ఆ నోటితోనే రావాలి, నేను చెప్పను అని. గ్రీన్‌కార్డు రానీ చెబుతానన్నాను. ఆ చలికాలంలో కొత్త ఇల్లు బ్యాంకు తీసేసుకుంది. తలుపుకు అంటించిన నోటీసు ఇరుగుపొరుగు చూడకముందే చింపేద్దామని పరిగెత్తాను గానీ, జిగురు గట్టిగా పట్టేసి సగమే ఊడింది. సోఫాలు అమ్మేసి మళ్ళీ ఆ మూడు గదుల ఇంట్లోకే వచ్చి పడ్డాం. రెండేళ్ళకు గ్రీన్‌కార్డు వచ్చింది. చెప్పలేదు. నార్త్ కరొలైనాలో ఉద్యోగం దొరికి మోరిస్‌విల్ వచ్చాం, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, అప్పుడూ చెప్పలేదు. ఇన్నాళ్ళు చెప్పనివాడు ఇప్పుడెందుకు చెబుతున్నాడని అడిగితే ఏమనాలో తెలియలేదు, రోజులు గడిచినకొద్దీ మొహం చెల్లలేదు.

బదులుగా తెలివైన పని ఒకటి చేశాను. వదిన కూతురు యూనివర్సిటీలో చేరినప్పుడు ఫీజు నేను కడతానన్నాను. అప్పటికి వదిన ఒక స్కూలు వంటశాలలో పనికి కుదిరి, పొద్దున్నే తలకు వల కట్టుకుని, పిల్లలకు ట్రేలు అందించి వచ్చేది. మీకెందుకు శ్రమ మరిదిగారూ అని నాలుగుసార్లు వద్దని, ఐదోసారి ఒప్పుకుంది. నాలుగేళ్ళలో నలభై వేలకు పైనే కట్టాను. తీర్చేశానని నాలో నేను అనుకుని, కాలర్ సర్దుకున్నాను. ఆ పిల్ల పట్టా పుచ్చుకున్న రోజున హోటల్లో అందరి ముందూ వదిన లేచి, వాళ్ళ నాన్న చేయాల్సింది వాళ్ళ బాబాయి చేశాడని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కూర్చుంటూ గొంతు తగ్గించి, “ఆయనుంటే ఏం చేసేవారో, పిల్ల డబ్బు కూడా ఊరికి పంచిన మనిషి” అని పక్కనున్న మా ఆవిడతో అంది. నేను విన్నాను. సరదాకి అందనుకున్నాను, అలా అనుకోవడమే నాకు సుఖం కాబట్టి.

ఇదీ ఆ గిఫ్ట్ లెటర్ కథ. అందుకే ఆ శనివారం అల్లుడు పంపిన దాని మీద నా వేలు కదలలేదు. ఒక గంట తరవాత అతనే ఫోన్ చేశాడు. మంచి కుర్రవాడు, ఇక్కడి రీసెర్చ్ పార్క్‌లో ఉద్యోగం, ఉన్న టౌన్‌హోమ్‌ని రెంట్‌కిచ్చి పెద్ద ఇల్లు కొంటాడట.

“మెయిల్ చూశారా మామయ్యా? జస్ట్ ఫార్మాలిటీ. టూ ఇయర్స్‌లో మీకు రిటర్న్ చేసేస్తా.”

“అయితే అది చేబదులు కదా బాబూ, గిఫ్ట్ అని రాశారేం?”

“అంటే... పర్సనల్ లోనా మామయ్యా? లోన్ అంటే క్వాలిఫై అవ్వను. ఇంకోటి, తనకి గిఫ్ట్ అనే చెప్పండి, రిటర్న్ చేయాలంటే ఊరికే టెన్షన్ పడుతుంది.”

తనకి అంటే నా కూతురికి. వెనక్కి తీసుకునే డబ్బుకి బహుమతి అని సంతకం పెట్టననీ, నిజంగానే ఇచ్చేద్దామంటే ఆ తాహతు నాకు లేదనీ చెప్పేశాను. నో ప్రాబ్లం మామయ్యా అన్నాడు. నాలుగు రోజులకు మా అమ్మాయి ఫోన్ చేసి, అతని బాబాయిగారు ఎంత మంచివారో, అంత డబ్బు ఊరికే గిఫ్ట్‌గా ఇస్తున్నారని సంబరంగా చెప్పింది. అది గిఫ్ట్ కాదమ్మా అనబోయి మానేశాను. రేపు ఆ పెద్దాయనకో, అల్లుడికో ఏమైనా అయితే, బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చునేది నా పిల్ల. దానికి ఈ మాట చెప్పాలంటే ముందు చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారు.

ఆ మధ్యాహ్నమే వదినకు ఫోన్ చేశాను. మా ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతా చెప్పాను, ఏదీ దాచలేదు. అది బహుమతి కాదు చేబదులని, మీకు చెప్పవద్దని అన్నయ్య దగ్గర మాట తీసుకున్నది నేనని, ఎనిమిది నెలలు ఆయన టెనెంట్ వచ్చాడా అని అడిగారని, చివరి ఫోన్ ఎత్తలేదని, ఆ రోజు బల్ల దగ్గర అబద్ధం చెప్పానని. ఫీజుల రూపంలో డబ్బు తీర్చేశానన్న మాట కూడా, సిగ్గులేకుండా, చివర్లో కలిపాను.

“డబ్బు సంగతి సరే మరిదిగారూ,” అంది. “పిల్ల నోటి దగ్గర కూడు తీసి మీకు ఊరికే ఇచ్చేశారని, నాకు ఒక్క మాట చెప్పలేదని, పదహారేళ్ళుగా ఆయన్ని తిట్టుకుంటున్నాను. తద్దినం పెట్టిన రోజు కూడా కోపంగానే పెట్టాను. పిల్లకి వాళ్ళ నాన్న గురించి మంచి మాట ఒక్కటి చెప్పలేదు. ఇప్పుడు నేను ఎవరికి చెప్పుకోను?”

ఆ మాట అని ఫోన్ పెట్టేసింది. ఇది జరిగి మూడు వారాలైంది. మా ఆవిడ ఫోన్ చేస్తే వదిన ఎత్తుతోంది, మాట్లాడుతోంది, నా ఊసు మాత్రం రానివ్వడం లేదట. మా అమ్మాయికి కూడా చెప్పాను, వాళ్ళింట్లో రెండు రోజులు మాటల్లేవట, ఇల్లు కొనడం మాత్రం ఆగలేదు, వచ్చే నెలాఖరుకి తాళాలు చేతికొస్తాయి. పొద్దున నడకకు వెళితే వాళ్ళ వీధిలో కొత్త ‘ఫర్ సేల్’ బోర్డులు రెండు కనిపించాయి, లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

ఈ తరం పిల్లలు కాఫీ తాగినా ఎవరి వాటా వాళ్ళు ఫోన్లోనే అక్కడికక్కడ పంపేసుకుంటారు, ఒకరికొకరు బాకీ ఉండరు, చేబదులన్న మాట వాళ్ళ చెవిన కూడా పడలేదు. అది మంచికో చెడుకో చెప్పే అర్హత నాకు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. బ్యాంకు జప్తు చేసిన మచ్చ నా పేరు మీద ఏడేళ్ళే ఉంటుందన్నారు, అన్నట్టే ఏడేళ్ళకు చెరిగిపోయింది, ఇప్పుడు ఆ బ్యాంకులే నాకు లోన్లు ఇస్తామని ఉత్తరాలు రాస్తున్నాయి. మా అన్నయ్య మీద నేను వేసిన మచ్చ ఆయన సొంత ఇంట్లోనే పదహారేళ్ళు ఉంది, దాన్ని చెరుపుకోవడానికి ఆయన లేరు.